పిల్లి తుమ్మును లెక్కించువారెవరు?

తెలుగువారి ఇండ్లలో తుమ్మునకు గల గౌరవము సామాన్యమైనది కాదు. చెప్పులు తొడిగికొని గడప దాటబోవు వేళ లోపలినుండి ఒక తుమ్ము వినవచ్చినదా, ఎంత తొందరలో ఉన్నవాడైనను వెనుకకు వచ్చి కూర్చుండి, గ్రుక్కెడు మంచినీళ్లు త్రాగి గాని కదలడు. ఒంటి తుమ్మా, జంట తుమ్మా అని విచారించు పెద్దలు నేటికిని కలరు. పిల్లి ఎదురు వచ్చినను ఇంతే; ప్రయాణము కొంతసేపు ఆగవలసినదే. కాని ఆ పిల్లియే ఇంటిలో ఒక మూల కూర్చుండి వరుసగా పది తుమ్ములు తుమ్మినను లెక్కించువారుండరు. "దానికి పడిసెము పట్టినది, అదే పోవును" అని ఊరకుందురు. నిజమునకు ఆ ఇంటిలో లెక్కింపదగిన తుమ్ము అదియే.

పడిసెము పట్టిన పిల్లులలో పెక్కు రెండు మూడు వారములలో కోలుకొనును. కొన్నింటికి మాత్రము నెల దాటినను తగ్గదు. తగ్గినట్లే తగ్గి మరల తిరుగబెట్టును. ముక్కు కారుట, గురగురలాడుచు ఊపిరి పీల్చుట, కన్ను చెమర్చుట, తుమ్ముల వాన — ఇట్లు ఏండ్ల తరబడి సాగును. ఇట్టి పిల్లిని పెంచువారు సాధారణముగా రెండు త్రోవలలో ఒకటి పట్టుదురు. కొందరు ఒక్క మందుతో రోగము సమూలముగా పోవలెనని వైద్యుని వెంట వైద్యుని మార్చుదురు. మరికొందరు విసిగి, ఏవగించుకొని, పిల్లిని గోనెసంచిలో మూటగట్టి ఏటి అవతల విడిచి వత్తురు. ఈ రెండింటికి నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. అది రోగమును నిర్మూలించునది కాదు. రోగముతో కాపురము చేయ నేర్పునది. మొండి పడిసెము గల పిల్లులను బ్రతికించునది చాలవరకు ఈ మూడవ త్రోవయే.

ముక్కే అన్నమునకు త్రోవ

పిల్లి నాలుకకు తీపి తెలియదు. దీనికి గల కారణమును శాస్త్రజ్ఞులు 2005లో వెల్లడించిరి. తీపిని గుర్తించుటకు నాలుకపై రెండు మాంసకృత్తులు జతగూడి పనిచేయవలెను. అందొకదానిని తయారుచేయు జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి యున్నది. నాలుకకు గల ఇట్టి లోటును ముక్కు తీర్చును. ఎదుట పెట్టినది తినదగినదో కాదో పిల్లికి ముఖ్యముగా చెప్పునది వాసన. మనుష్యునికి పడిసెము పట్టినచో రుచి తెలియలేదని గొణిగికొనుచునే వేళకు రెండు ముద్దలు తినును. పిల్లి అట్లు కాదు. వాసన తగులని ఆహారము దాని కంటికి ఆహారమే కాదు. ఆకలితో ఉండియు గిన్నె దగ్గరకు వచ్చి, ముక్కు ఆనించి చూచి, వెనుదిరిగి పోవును.

ఆ వెనుదిరుగుటలోనే అపాయమున్నది. పిల్లి కొన్ని దినములు వరుసగా తినకున్నచో దేహమునందలి క్రొవ్వు కరిగి కాలేయమును చేరి, అందు పేరుకొనిపోవును. బొద్దుగా పెరిగిన పిల్లులకు ఈ ఆపద మరింత ఎక్కువ. సకాలమున చికిత్స జరుగకున్నచో ఇది ప్రాణము తీయగలదు. ఇట్లు ముక్కుతో మొదలైన వ్యాధి కాలేయముతో ముగియుట కలదు. కావున మొండి పడిసెము గల పిల్లి యజమాని ప్రతిదినము మొదట చూడవలసినది దాని గిన్నె. ముక్కు సంగతి ఆ తరువాత. ఒక దినమంతయు ముద్ద ముట్టని పిల్లిని మరునాడు పశువైద్యుని కడకు కొనిపోవలెను.

దాగియుండు శత్రువు

పిల్లి ముక్కు లోపల కాగితపు చుట్టల వలె చుట్టుకొనిన పలుచని ఎముక రేకులుండును. వాటిపై మెత్తని తడిపొర పరచియుండును. లోనికి పోవు గాలిని వెచ్చజేయుట, తేమ కలుపుట, ధూళిని పట్టి నిలుపుట ఈ పొర పనులు. పిల్లుల పడిసెమునకు ముఖ్యకారణములు రెండు వైరసులు. ఒకటి కాలిసివైరస్, దీనిని 1957లో న్యూజీలాండునందు ఫాస్టియర్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. రెండవది హెర్పిస్ జాతికి చెందినది. దీనిని 1958లో అమెరికాయందు క్రాండెల్, మారర్ అను ఇరువురు ప్రకటించిరి. ఈ రెండవదే మొండితనమునకు పేరుపడినది. పిల్లి కూనగా ఉన్నప్పుడు ఇది సోకి, ముక్కులోని తడిపొరను చెరచును. తీవ్రమైనచో లోపలి ఎముక రేకులు సైతము కొరుకబడి రూపు చెడును. వైరసు విజృంభణము తగ్గిన పిదప కూడ ఆ పాడుపడిన ఇంటిలో శ్లేష్మము నిలువయుండును. నిలువ నీటిలో దోమల వలె ఆ శ్లేష్మములో సూక్ష్మక్రిములు పెరుగును. మందు వాడినంత కాలము అవి తగ్గును. మానిన కొన్నాళ్లకు మరల చేరును. ఇల్లు బాగుపడనిదే దొంగలు రాక మానరు గదా!

అంతతో ముగియలేదు. తెలుగు దేశమున ఆటలమ్మ అని పిలుచు వ్యాధి సంగతి అందరు ఎరిగినదే. చిన్ననాట ఆటలమ్మ పోసి తగ్గిన వాని దేహమునందు ఆ వైరసు నాడుల మూలములలో దాగి, ముదిమిలో సర్పి రూపమున పైకి వచ్చుట కలదు. పిల్లి హెర్పిస్ వైరసు నడవడియు ఇట్టిదే. ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు త్రిధార నాడి మొదట అది నిద్రించును. ఒకసారి సోకిన పిల్లులలో ఎక్కువ భాగము జీవితాంతము దానిని మోయుచునే యుండును. పిల్లి మనస్సునకు గాని దేహమునకు గాని కష్టము కలిగినపుడు అది మేల్కొనును. ఇల్లు మారుట, క్రొత్త పిల్లిని తెచ్చుట, పెండ్లి సందడి, దీపావళి టపాసుల మ్రోత, ప్రసవించి పిల్లలకు పాలిచ్చుట — ఇవన్నియు దానికి మేలుకొలుపులే. కష్టము కలిగిన వెంటనే గాక సుమారు వారము దినములకు వైరసు ముక్కులోనికి దిగి, ఒకటి రెండు వారములు వెలువడుచుండును. కావున నేటి తుమ్మునకు కారణమును నేటి గాలిలోనే వెదకిన చాలదు. గడచిన వారపు సంఘటనలలోను వెదకవలెను.

ఈ వైరసు మనుష్యులకు సోకదు. పిల్లి తుమ్మినదని పిల్లలను దానికి దూరముగా లాగవలసిన పని లేదు. తోడి పిల్లులకు మాత్రము సోకును.

తుమ్ములన్నియు ఒక జాతివి కావు

ముక్కు కారు ప్రతి పిల్లికిని ఈ వైరసే కారణమనుట పొరపాటు. పడుచు పిల్లులలో ముక్కు వెనుక భాగమున గొంతు వైపున కండపెరుగుదల ఏర్పడి ఊపిరికి అడ్డుపడును. గడ్డి మేయునపుడు ఒక గడ్డిపరక వెనుకనుండి ముక్కులోనికి ఎక్కి చిక్కుకొనుట కలదు. పై దవడ పంటి మూలము చీము పట్టి ముక్కులోనికి దారి చేసికొనుట కలదు. పావురముల రెట్టలో పెరుగు ఒకవిధమగు బూజు ముక్కున చేరినచో ముక్కు దూలము ఉబ్బును. వయస్సు మీరిన పిల్లులలో వ్రణము పుట్టుటయు కలదు.

వీనిని వేరుపరచుటకు కొన్ని గుర్తులు ఉపకరించును. వైరసు వలని మొండి పడిసెములో సాధారణముగా రెండు ముక్కు రంధ్రములును కారును. ఒక్క రంధ్రమే కారుచున్నను, రక్తము కనబడినను, ముఖము ఒక వైపు ఉబ్బినను, నోరు తెరచి ఊపిరి పీల్చుచున్నను ఆలస్యము చేయరాదు. పశువైద్యుడు మత్తు ఇచ్చి పండ్లను పరీక్షించుట, ముక్కు లోనికి సన్నని దుర్భిణితో చూచుట, ఎక్స్‌రే గాని సి.టి. పరీక్ష గాని చేయుట, లోపలి కండను చిదిమి పరీక్షకు పంపుట అవసరము కావచ్చును. వీనికి వ్యయమగును, నిజమే. కాని ఒక గడ్డిపరకకు రెండేండ్లు మందు మ్రింగించుట కంటె ఒకసారి లోపల చూచుట చౌక.

పిల్లికొక హాజరు పట్టీ

బడిలో ఉపాధ్యాయుడు హాజరు పట్టీ లేకుండ పాఠము మొదలుపెట్టడు. మొండి వ్యాధికిని అట్టి పట్టీ యొకటి ఉండవలెను. ఒక చిన్న పుస్తకములో ప్రతిదినము నాలుగు విషయములు వ్రాసికొనిన చాలును: ఎన్నిసార్లు తుమ్ముల వరుస వచ్చినది; ముక్కునుండి కారునది నీటివలె పలుచనిదా, పసుపు పచ్చని చిక్కనిదా; ఒక రంధ్రమా, రెండా; గిన్నెలో పెట్టినదానిలో ఎంత మిగిలినది. ఇంటిలో జరిగిన విశేషమును — చుట్టములు వచ్చుట, గోడలకు వెల్ల వేయుట వంటిది — ప్రక్కన వ్రాయవలెను. రెండు నెలలు గడచునప్పటికి ఆ పుస్తకమే ఒక పాఠమగును. ఏ సంఘటన తరువాత ఎన్ని దినములకు తుమ్ములు పెరిగినవో, ఏ మార్పుతో తగ్గినవో అందు కానవచ్చును.

వారమునకొకసారి బరువు చూచుట ఐదవ ప్రశ్న. దీనికి ప్రత్యేకమగు తూనిక అక్కరలేదు. ఇంటిలోని బాలుడు పిల్లిని ఎత్తుకొని బరువు యంత్రముపై నిలువబడవలెను. పిదప ఒంటరిగా నిలువబడవలెను. మొదటిదానినుండి రెండవది తీసివేయవలెను. తీసివేత లెక్కకు ఇంత ప్రాణముగల ఉదాహరణము పాఠ్యపుస్తకములో దొరకదు. నాలుగు కిలోల పిల్లి రెండువందల గ్రాములు తగ్గినదనిన స్వల్పమని తోచును. కాని అది దేహమున నూటికి ఐదు పాళ్లు; అరువది కిలోల మనుష్యుడు మూడు కిలోలు చిక్కిపోవుటతో సమానము. యంత్రము ఇంత చిన్న తేడాను చూపలేనిదైనచో పశువుల ఆసుపత్రిలోని తూనికను ఆశ్రయింపవచ్చును.

గాలి, తేమ, ఆహారము

నిత్యసేవలో మొదటిది గాలి. ముక్కు చెడిన పిల్లికి పొగ పగ. అగరువత్తులు, సాంబ్రాణి, దోమల చుట్టలు, పొగాకు చుట్టలు, పోపు ఘాటు, ఘాటైన అత్తరులు — వీనిలో మానదగినవి మానవలెను. మానరానివైనచో ఆ వేళకు పిల్లిని వేరొక గదిలో ఉంచవలెను. దేవుని గదికిని పిల్లి పండుకొను మూలకును నడుమ ఒక తలుపు మూసినంతనే కొన్ని ఇండ్లలో తుమ్ములు సగపడును. మలవిసర్జనకు పెట్టు ఇసుక దుమ్ము లేవనిదిగా ఉండవలెను.

రెండవది తేమ. ఎండిన శ్లేష్మము గట్టిపడి రంధ్రములను మూయును, తడిసినచో జారిపోవును. స్నానాల గదిలో బాల్చీతో వేడినీరు పట్టి, తలుపు మూసి, ఆ ఆవిరిలో పిల్లిని ఒడిలో ఉంచుకొని పది పదునైదు నిమిషములు కూర్చుండవలెను. నీటి బాల్చీ పిల్లికి అందనంత దూరముననే ఉండవలెను. మరుగుచున్న గిన్నెపై పిల్లి ముఖమును వంచిపట్టుట మహాపాపము. బొబ్బలెక్కును, పిల్లి జన్మలో మరల చేతికి రాదు. వైద్యుడు చెప్పినచో నెబ్యులైజరు యంత్రముతో ఉప్పునీటి తుంపరలు పట్టవచ్చును. శుద్ధమగు సెలైను నీటిని ఒక్కొక్క రంధ్రమున ఒకటి రెండు చుక్కలు వేయవచ్చును. పిదప గోరువెచ్చని నీట తడిపి పిండిన దూదితో ముక్కు చుట్టును, కనుకొలుకులను వెలుపలి వైపునకు తుడువవలెను. రంధ్రములోనికి పుల్లను గాని దూదిని గాని దూర్చరాదు.

మూడవది ఆహారము. వాసన అందని పిల్లికి వాసనను పెంచి పెట్టవలెను. ఫ్రిజ్‌లోనుండి తీసిన చల్లని ముద్దకు వాసన తక్కువ. దానినే పిల్లి దేహపు వేడికి, అనగా 38 డిగ్రీల ప్రాంతమునకు, వెచ్చజేసినచో వాసన లేచును. ఉప్పు కారము లేకుండ ఉడికించి ముండ్లు తీసిన చేప, కోడిమాంసపు నీరు కలిపిన మెత్తని ముద్ద — ఇట్టివి కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషమగుటచే అవి చేరిన కూర పెట్టరాదు. తడి ఆహారముతో దేహమునకు నీరును అందును. నీరందిన దేహములో శ్లేష్మము పలుచనగును.

ఇచట ఆంధ్రులందరు ఎరిగిన తెనాలి రామలింగని పిల్లి కథ జ్ఞప్తికి రాక మానదు. మొదటి దినమున కాగిన పాలతో మూతి కాలిన ఆ పిల్లి, పిదప పాలగిన్నె కనబడినంతనే పరుగెత్తెనట. కథలో అది వికటకవి చమత్కారము. లోకములో అది పిల్లి స్వభావము. బాధ కలిగిన వేళ నోట కుక్కిన ఆహారమును, చేదు మందు కలిపి మోసపుచ్చి పెట్టిన ఆహారమును పిల్లి మరచిపోదు. వ్యాధి తగ్గినను దానిని ముట్టకుండుట కలదు. కావున మందు వేరు, అన్నము వేరుగా ఉండవలెను. పిల్లికి మిక్కిలి ప్రియమైన ఆహారములో మందు కలుపుట ఆ ప్రియమును పోగొట్టుటయే.

మందుల విషయమున మితము

సూక్ష్మక్రిములను చంపు మందులు వైరసును చంపవు. చిక్కని పసుపుపచ్చని శ్లేష్మముతో పాటు జ్వరము, నీరసము, ఆహారముపై అరుచి ఉన్నపుడు వైద్యుడు వానిని నిర్ణయించును. చెప్పినన్ని దినములు వాడవలెను. పాత చీటీతో మందుల అంగడిలో తిరిగి కొనరాదు. పిల్లుల పడిసెములో తరచుగా వాడు డాక్సీసైక్లిన్ మాత్ర పొడిగా మ్రింగించినచో అన్నవాహికలో అంటుకొని పుండు చేయును. మాత్ర వెంట సిరంజితో కొంచెము నీరు త్రాగించుట మరువరాదు. హెర్పిస్ వైరసు తీవ్రమైనచో వైద్యులు ఫామ్‌సిక్లోవిర్ వాడుదురు. అదే కుటుంబమునకు చెందినదై మనుష్యులకు వాడు వాలాసైక్లోవిర్ పిల్లి ప్రాణము తీయును. లైసిన్ అను పదార్థము ఈ వైరసును అణచునని చాలకాలము నమ్మిరి. అంతవరకు జరిగిన పరిశోధనలన్నింటిని పరిశీలించిన ఒక సమీక్ష 2015లో దాని వలన మేలు లేదని తేల్చినది.

ఇంటి వైద్యమునందు అంతకంటె జాగ్రత్త కావలెను. మనుష్యుల జ్వరమునకు వాడు పారాసిటమాల్‌ను విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు; సగము మాత్రయు ప్రాణాంతకము కాగలదు. కర్పూరము, యూకలిప్టస్ తైలము, మెంథాల్ గల లేపనములు పసిబిడ్డ రొమ్మునకు రాయు అలవాటున పిల్లికి రాయుదురు. పిల్లి ఒంటిని నాకుకొనును. రాసినదంతయు కడుపునకు చేరును. మనుష్యుల ముక్కుదిబ్బడ చుక్కలును పిల్లికి తగవు. ప్రేమతో చేసిన పని కీడుగా పరిణమించుటకు ఇంతకు మించిన ఉదాహరణము లేదు.

ముందుచూపు

కూనకు ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకసారి చొప్పున పదునారు వారములు నిండువరకు వేయించి, ఏడాదిలోపల మరియొకటి వేయించుట పద్ధతి. టీకా వైరసు సోకుటను పూర్తిగా అడ్డగింపదు, తీవ్రతను తగ్గించును. ముక్కులోని ఎముక రేకులు కూనతనమున నిలిచినచో జీవితాంతము ఊపిరి సుఖముగా ఆడును. ఇంటిలో పెక్కు పిల్లులున్నచో జబ్బుదానికి వేరు గిన్నె, వేరు పడక ఉండవలెను. దానిని తాకిన చేతులు కడుగుకొనవలెను. నగరములలో నేడు మక్కువతో పెంచు పర్షియన్ జాతి పిల్లులది చప్పిడి ముఖము. ఆ అందము మనుష్యుడు తరతరములుగా ఏరి పెంచినది. దాని వెల ఇరుకైన ముక్కు రంధ్రములతో, చెంపపై కారు కన్నీటితో పిల్లి చెల్లించుచున్నది. కొనదలచువారు కూన ఊపిరిని చెవియొగ్గి వినవలెను.

ఇక గోనెసంచి మాట. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము అటుండనిండు. ఆరోగ్యముగల పిల్లిని ఏటి అవతల విడిచిన, వాసన పట్టి ఏ ఇంటి వంటగదినో చేరుకొనును. ముక్కు మూసిన పిల్లికి ఆ త్రోవయు లేదు. పది అడుగుల దూరమున చేప ఉన్నను దానికి తెలియదు.

విశిష్టాద్వైతులలో మర్కట కిశోర న్యాయము, మార్జాల కిశోర న్యాయము అని రెండు కలవు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరచుకొనవలెను. పిల్లి కూనకు ఆ శ్రమ లేదు. తల్లియే దానిని నోట కరచి, పండ్లు నాటకుండ, ఇల్లిల్లు మోసికొని తిరుగును. భారమంతయు తల్లిదే. మొండి వ్యాధి గల పిల్లి విషయమున యజమానియే ఆ తల్లి. అది తన బాధ చెప్పదు, మందు అడుగదు, ఆవిరికి రమ్మనిన రాదు. పది నిమిషముల ఆవిరి, తడిదూది, వెచ్చని ముద్ద, పుస్తకములో ఒక పంక్తి — ఇంతే ఆ మోత. ఒక దినమున దీని ఫలితము కానరాదు. ఏడాది తిరుగునప్పటికి బరువు తగ్గని పిల్లి ఒకటి అరుగుపై ఎండ కాగుచు కనబడును. అప్పుడప్పుడు తుమ్ముచునే యుండును. సాయంకాలము గిన్నె ఖాళీ అయినదా అని చూచి, ఆ తుమ్ములను లెక్కించి వ్రాసికొనుటతో ఆనాటి సేవ ముగియును.